ముందు బొమ్మ చూడు, అర్థం తర్వాత

అమ్ములూ,

నీ మెసేజ్ అందింది. పుట్టినరోజుకి నీ స్నేహితురాలు టారో కార్డులు ఇచ్చిందనీ, బ్యాంకులో ప్రమోషన్ ఒప్పుకుని గౌహతి వెళ్ళాలా, వదులుకుని విశాఖలోనే ఉండిపోవాలా తెగక ఒక రాత్రి పొద్దుపోయాక మూడు కార్డులు తీశావనీ, మధ్యలోది డెత్ కార్డు వచ్చిందనీ, అప్పట్నించీ మనసు మనసులో లేదనీ రాశావు. “నీ దగ్గర కూడా ఆ కార్డులు ఉన్నాయి కదా పెద్దమ్మా, అసలు నువ్వు నమ్ముతావా?” అని అడిగావు. ఇది ఫోన్లో తేలే మాట కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిక చేసుకుని చదువు.

కార్డులకి నీ గురించి ఏమీ తెలియదు తల్లీ. ఈ మాట గట్టిగా పట్టుకో. రేపు ఏం జరుగుతుందో ఆ అట్టముక్కలు చెబుతాయని నేను నమ్మను. అయినా వాటిని ఇన్నేళ్ళుగా అల్మరాలో దాచుకుని, మనసు చిక్కుపడ్డప్పుడల్లా తీసి ముందేసుకుంటున్నాను. ఎందుకంటే ఆ బొమ్మ చూస్తూ నేను అనే మాటలు నా గురించి చెబుతాయి. ఎవరితోనూ అనని మాట, నాలో నేను కూడా అనుకోవడానికి జంకే మాట, బొమ్మలో మనిషి మీద పెట్టి అనేస్తాను. “ఈవిడ ఎందుకు కట్లు విప్పుకోదు? కాళ్ళు కట్టెయ్యలేదుగా!” అని రాసుకున్నాక, ఆ కోపం ఎవరి మీదో నాకే తెలిసిపోతుంది.

ముందు నీకు నిద్ర పట్టనివ్వని ఆ కార్డు సంగతి చూద్దాం. మొత్తం 78 కార్డులు. మూడు తీస్తే అందులో డెత్ ఉండే అవకాశం 26లో ఒకటి. నీలాగా మూడేసి తీసేవాళ్ళు 26 మంది ఉంటే, సగటున ఒకరి చేతికి అది వస్తుంది. ఆ రాత్రి ఆ ఒకరు నువ్వయ్యావు, అంతే. ఇప్పుడు పగటి వెలుతురులో దాన్ని బయటికి తీసి మళ్ళీ చూడు. నల్ల కవచం తొడుక్కున్న అస్థిపంజరం తెల్ల గుర్రమెక్కి వస్తోంది. చేతిలో నల్ల జెండా, జెండా మీద తెల్ల గులాబీ. గుర్రం ముందూ వెనకా నలుగురున్నారు. రాజు కింద పడిపోయాడు. పసుపు బట్టల మతగురువు చేతులు కలిపి ఎదురుగా నిలబడ్డాడు. ఒక ఆడపిల్ల మోకాళ్ళ మీద కూలబడి మొహం పక్కకి తిప్పేసుకుంది. ఆమె పక్కనున్న పసిబిడ్డ మాత్రం తలెత్తి చూస్తోంది. దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడు. ఈ నలుగురిలో ఆ రాత్రి నీ కన్ను ఎవరి మీద ఆగింది?

నువ్వు బొమ్మ చూడనే లేదని నా అనుమానం. కింద అచ్చేసిన పేరు చదివి, ఫోన్లో దాని అర్థం వెతికి, బెంబేలెత్తిపోయావు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాదాపు అందరూ చేసేది ఇదే. నేను నీకు చెప్పదలుచుకున్నదీ ఇక్కడే ఉంది. ముందు బొమ్మ చూడు. చూసింది రాయి. పుస్తకం ఆ తర్వాత తియ్యి.

మీ అమ్మ ఆ పెట్టెని దేవుడి గది దరిదాపులకి రానివ్వడం లేదనీ, చేతబడి సామానేమో అన్నట్టు చూస్తోందనీ రాశావు. దాని భయం నాకు తెలుసు. చిన్నప్పట్నించీ అంతే. దానికి ఈ కార్డుల పుట్టుక చెప్పు, కొంచెం స్థిమితపడుతుంది. ఇవి పేక ముక్కలుగానే పుట్టాయి. 1440ల నాటికి ఉత్తర ఇటలీలో, మిలాన్, ఫెరారా వంటి చోట్ల, రాజాస్థానాల్లో ఆడుకునే ఆట ఇది. మామూలు పేకకి బొమ్మల తురుఫు ముక్కలు చేర్చారు. మిలాన్ ప్రభువులు విస్కొంతి, స్ఫోర్జా వంశాల వాళ్ళు బంగారు రేకు అద్ది చేతితో వేయించుకున్న ముక్కలు చాలావరకు నిలిచాయి. కొన్ని న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో, కొన్ని ఇటలీలోని బెర్గామోలో ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఇప్పటికీ టారో అంటే ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడుకునే పేకాటే.

ఈజిప్టు రహస్యం, ప్రాచీన విద్య అని నువ్వు వీడియోల్లో వింటున్నదంతా ఎక్కడ మొదలైందో కూడా చెబుతాను. 1781లో కూర్ ద జెబ్లాఁ అనే ఫ్రెంచి పండితుడు తన పెద్ద గ్రంథంలో ఈ బొమ్మలు ఈజిప్టు పూజారుల పుస్తకం నుంచి వచ్చాయని రాశాడు. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపి చదవగలిగినవాడు ఐరోపాలో ఒక్కడూ లేడు. షాంపోలియోఁ దాన్ని ఛేదించింది 1822లో. ఆధారం లేకపోయినా కథ బాగుంది కాబట్టి జనం పట్టుకున్నారు. నాలుగేళ్ళకి, 1785లో, ఎటెయ్యా అనే పేరుతో రాసే ఒక పారిస్ మనిషి ఈ కార్డులతో జోస్యం చెప్పే పద్ధతిని పుస్తకంగా వేశాడు. అంటే పుట్టిన మూడు వందల ఏళ్ళకి పైగా గడిచాక గానీ పేకకి జోస్యం ఇంత గట్టిగా అంటుకోలేదు. కాబట్టి మీ అమ్మతో ధైర్యంగా చెప్పు, పెట్టెలో ఏ దయ్యమూ లేదని. దేవుడి గదిలో పెట్టాల్సిన పనీ లేదు, పుస్తకాల షెల్ఫులో పెట్టుకో.

నీ దగ్గరున్న పెట్టె మీద రైడర్–వెయిట్ అని ఉందన్నావు. మంచి డెక్ అది, మొదలుపెట్టేవాళ్ళకి అంతకన్నా మంచిది లేదని నా అభిప్రాయం. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే ఆయన ఊహించాడు, విలియం రైడర్ కంపెనీ 1909 డిసెంబరులో లండన్‌లో అచ్చేసింది. బొమ్మలన్నీ వేసింది మాత్రం పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ. ఆవిడ పేరు పెట్టె మీద చాలాకాలం లేదు. ఇప్పుడిప్పుడే కొందరు రైడర్–వెయిట్–స్మిత్ అంటున్నారు. కార్డు మూలన మెలికలు తిరిగిన చిన్న గుర్తు ఒకటి కనిపిస్తుంది చూడు, అది ఆవిడ సంతకం. 1878లో లండన్‌లో పుట్టింది. చిన్నతనంలో కొంతకాలం జమైకాలో పెరిగింది, అక్కడి అనన్సి సాలీడు కథలు పుస్తకంగా వేసింది. బ్రూక్లిన్‌లో బొమ్మలు నేర్చుకుంది. లండన్‌లో హెన్రీ ఇర్వింగ్, ఎలెన్ టెర్రీల లైసియం నాటక బృందంతో తిరిగి, రంగాలంకరణా దుస్తుల పనీ చేసింది. టారో బొమ్మలు పూర్తయ్యాక ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కి రాసిన ఉత్తరంలో, చాలా పెద్ద పని చాలా తక్కువ డబ్బుకి చేశానని చెప్పుకుంది. 1951లో కార్న్‌వాల్‌లోని బ్యూడ్ అనే ఊళ్ళో అప్పులతో పోయింది. ఆవిడ గీసిన బొమ్మలు ఈనాడు ప్రపంచమంతా ఇళ్ళల్లో ఉన్నాయి. జీవితమంతా హైస్కూలు పిల్లలకి డ్రాయింగ్ చెప్పినదాన్ని కదా, ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో మెలిపెడుతుంది.

ఆవిడ గురించి ఇంతసేపు చెప్పడానికి కారణముంది. అంతకుముందు డెక్కుల్లో అంకెలున్న చిన్న కార్డులు మన రమ్మీ ముక్కల్లాగే ఉండేవి. ఐదు కప్పులంటే ఐదు కప్పుల గుర్తులు, అంతే. పదిహేనో శతాబ్దం చివరి నాటి సోలా బుస్కా అనే ఇటలీ డెక్ ఒక అరుదైన మినహాయింపు. దాని ఫొటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి. త్రీ ఆఫ్ స్వోర్డ్స్‌లో గుండెని మూడు కత్తులు పొడిచిన బొమ్మ ఆ డెక్‌లోదీ పమేలాదీ పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక దాచినా దాగదు. ఆ దారి పట్టుకుని పమేలా ఆ చిన్న కార్డుల్లో చాలావాటికి మనుషుల్ని పెట్టింది, సన్నివేశాలు కట్టింది. ఆవిడ నాటకాల మనిషి. అందుకే టూ ఆఫ్ స్వోర్డ్స్ లాంటి కార్డుల్లో నేల వేదికలా చదునుగా ఉంటుంది, వెనక సముద్రం తెర మీద గీసినట్టుంటుంది, కళ్ళకి గంతలు కట్టుకున్న ఆవిడ రెండు కత్తులు గుండెల మీద అడ్డంగా పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఇందాక ఏమైంది, ఇప్పుడేం చేస్తుంది? ఆ రెండూ బొమ్మలో లేవు. చూసేవాళ్ళే పూరించుకోవాలి. అలా పూరించుకునేటప్పుడు మన బతుకు నుంచి తెచ్చి పూరిస్తాం. ఈ బొమ్మల బలమంతా అదే.

కార్డుల ఏర్పాటు రెండు మాటల్లో చెబుతాను. ఫూల్, డెత్, సన్ వంటి పెద్ద కార్డులు 22. మిగతా 56 చిన్న కార్డులు, నాలుగు రంగులు: కప్స్ మన ఆఠీన్, స్వోర్డ్స్ ఇస్పేట్, పెంటకిల్స్ డైమన్, వాండ్స్ కళావర్. ఆసు నుంచి పది దాకా అంకెలు, పైన జాకీ స్థానంలో పేజ్, నైట్ అని ఇద్దరు, తర్వాత రాణి, రాజు. సంక్రాంతి సెలవుల్లో మీ తాతయ్యతో రమ్మీ ఆడినదానివి, నీకింతకన్నా చెప్పక్కర్లేదు. వాడుకలో కప్పులు మనసుకీ బంధాలకీ, కత్తులు ఆలోచనకీ ఘర్షణకీ, నాణేలు డబ్బుకీ ఒంటికీ పనికీ, కర్రలు ఉత్సాహానికీ చొరవకీ గుర్తంటారు. అర్థాల పట్టిక కంఠస్థం చేయకు. ఎక్కాలు అప్పజెప్పినట్టు అర్థాలు అప్పజెప్పే పిల్ల బొమ్మ చూడటం మానేస్తుంది.

ఇక చేసే పద్ధతి. ఒక్క కార్డుతో మొదలుపెట్టు. మూడూ వద్దు, వెయిట్ తన పుస్తకంలో ఇచ్చిన పది కార్డుల కెల్టిక్ క్రాస్ అసలే వద్దు. కొత్తలో పది బొమ్మలు ఒకేసారి ముందుంటే ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేవు. రాత్రి పొద్దుపోయాక కూడా వద్దు. అలిసిన బుర్రకి ప్రతి బొమ్మా భయపెట్టేదే. ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక కూర్చో. ఒక నోటుపుస్తకం, పెన్ను, ఫోన్ పక్క గదిలో.

ముందు ప్రశ్న కాగితం మీద రాయి. “నేను గౌహతి వెళ్ళాలా?” అని రాస్తే దానికి బొమ్మ దగ్గర జవాబు ఉండదు, ఔననీ కాదనీ అది అనలేదు. “వెళ్ళడం అనుకోగానే నాకు మొదట కలిగేది ఏమిటి?” అని రాయి. లేదా “ఈ విషయంలో నేను ఎవరికీ చెప్పనిది ఏముంది?” అని రాయి. ప్రశ్నలో నువ్వు ఉండాలి. ఎదుటివాళ్ళు ఏమనుకుంటున్నారు, మేనేజరు మనసులో ఏముంది, అమ్మ ఒప్పుకుంటుందా, ఇవేవీ కార్డుల్ని అడగకు. వాళ్ళ మనసు వాళ్ళనే అడగాలి.

తర్వాత కార్డులు కలుపు. మామూలు పేక కన్నా ఇవి పెద్దవి, చేతిలో ఇమడవు. బల్ల మీద పరిచి రెండు చేతులతో కలగలిపేసి మళ్ళీ పోగు చెయ్యి. తలకిందులుగా వచ్చిన కార్డుకి వేరే అర్థం ఉంటుందంటారు. ఇప్పుడు దాని జోలికి పోకు, తలకిందులుగా వస్తే నిలువుగా తిప్పుకో. సొంతంగా కొన్న డెక్ పనిచేయదు, ఎవరో ఇవ్వాలి, పట్టుబట్టలో చుట్టాలి, వెన్నెల్లో పెట్టాలి, ఇతరులు ముట్టుకోకూడదు అని నీకు చాలామంది చెబుతారు. ముచ్చటపడితే బట్టలో చుట్టుకో. అవసరం మాత్రం లేదు.

కార్డు తీశాక ఐదు నిమిషాలు ఊరికే చూడు. కింద పేరుంటుంది కదా, వేలితో మూసెయ్యి. ఎవరున్నారు, ఎటు తిరిగి ఉన్నారు, చేతుల్లో ఏముంది, కాళ్ళ కింద నేల ఎలా ఉంది, ఆకాశం ఏ రంగు, దూరంగా ఏం కనిపిస్తోంది. నా క్లాసులో కూడా పిల్లలకి ఇదే చెప్పేదాన్ని: నీకు తెలిసింది గీయకు, కనిపించేది గీయి. ఇక్కడ గీసే బదులు రాస్తావు, అంతే తేడా.

ఎయిట్ ఆఫ్ కప్స్ వచ్చిందనుకో. మొదట కనిపించింది మాత్రమే రాస్తావు. ఒక మనిషి వీపు మనవైపు పెట్టి నడిచి వెళ్ళిపోతున్నాడు, ఎర్రటి వస్త్రం, చేతిలో కర్ర. ఇటు ముందు ఎనిమిది కప్పులు పేర్చి ఉన్నాయి, కింద ఐదు, పైన మూడు. ఒక్కటీ ఒలకలేదు, విరగలేదు. పై వరసలో ఒక ఖాళీ ఉంది. పైన చంద్రుడు మొహం దించి చూస్తున్నాడు. కొండల మధ్య నీళ్ళు. ఇంతవరకూ ఎవరు రాసినా ఇంచుమించు ఇదే. ఇక్కడ ఆగకుండా కలం కదలనియ్యి. “ఇన్ని కప్పులు పేర్చుకుని వదిలేసి పోవడమేమిటి” అని రాస్తావేమో. “ఆ ఖాళీలో పెట్టే కప్పు కోసమే పోతున్నాడు” అని రాస్తావేమో. “ఎవరూ ఆగమనలేదు” అని రాస్తావేమో. మొదటిది రాసినదానికి విశాఖలో కట్టుకున్నది పోతుందన్న దిగులు. రెండోదానికి ఇక్కడ ఏదో చాల్లేదన్న సంగతి ముందే తెలుసు. మూడోదానికి అసలు బాధ గౌహతి కాదు, తను వెళ్తానంటే వద్దనే మనిషి లేకపోవడం. ఒకే బొమ్మ, ఒకే ప్రశ్న. పుస్తకం తీస్తే ముగ్గురికీ “అసంతృప్తితో విడిచి వెళ్ళడం” అనే ఒక్క అర్థమే చూపిస్తుంది. పుస్తకం ముందే తీసి ఉంటే మూడోది ఆ మాట జన్మలో రాసేది కాదు.

అలా పది, పదిహేను నిమిషాలు రాశాక అప్పుడు పుస్తకం తెరువు. అందులో రాసింది నువ్వు రాసినదానితో కలవకపోతే నీదే ఉంచుకో. కలవనిచోట ఒక్క క్షణం ఆగి, “ఇది నాకెందుకు తట్టలేదు” అని అడుగు. కొన్నిసార్లు అది మంచి ప్రశ్న అవుతుంది, కొన్నిసార్లు ఏమీ ఉండదు. చివర, ఈ వారం నేను చేయగలిగిన ఒక్క పని అని ఒక వాక్యం రాసి, తేదీ వేసి మూసెయ్యి. రాసినదాంట్లో “తెలియదు” అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో గుర్తుపెట్టుకో, దాని సంగతి చివర్లో చెబుతాను.

రాయడంలోనే సగం మేలు ఉంది. జేమ్స్ పెన్‌బేకర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో కాలేజీ పిల్లల్ని వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట, తమని నలిపేస్తున్న విషయం గురించి రాయమన్నాడు. మామూలు సంగతులు రాసినవాళ్ళ కన్నా వాళ్ళు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు. తర్వాత ఎంతోమంది ఆ ప్రయోగం మళ్ళీ చేశారు, మేలు కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ కనిపించింది. రాసిన వెంటనే మాత్రం చాలామందికి మనసు బరువెక్కింది. నీకూ అలా అయితే కంగారుపడకు. లేచి కాసేపు బీచ్ వైపు నడిచి రా.

కొన్నాళ్ళు చేశాక నీకు రెండు అనుభవాలు తప్పకుండా ఎదురవుతాయి, వాటికి ముందే సిద్ధంగా ఉండు. ఒకటి, ఒకే కార్డు మళ్ళీ మళ్ళీ రావడం. ఒళ్ళు జలదరిస్తుంది, ఏదో శక్తి నాతో మాట్లాడుతోందనిపిస్తుంది. లెక్క చూడు. రోజుకో కార్డు చొప్పున పదకొండు రోజులు తీస్తే, వాటిలో ఏదో ఒకటి రెండోసారి వచ్చే అవకాశం సగానికి పైనే. మూడు కార్డులు తీస్తే వాటిలో కనీసం ఒక పెద్ద కార్డు ఉండే అవకాశం మూడింట రెండు వంతులకి దగ్గర. కాబట్టి పెద్ద కార్డు వచ్చిందంటే పెద్ద మలుపు రాబోతోందని అనుకోవద్దు. కార్డు తిరిగొస్తే ఆనందంగా పాత పేజీ తిప్పి, అప్పుడేం రాశావో చూసుకో. అదే బొమ్మ, నువ్వు మాత్రం మారి ఉంటావు. నాకు నోటుపుస్తకంలో అన్నిటికన్నా విలువైన పేజీలు అవే.

రెండోది, ఎవరో వీడియోలో “ఈ మెసేజ్ నీకోసమే” అంటూ చెప్పేది నీకు అక్షరం పొల్లుపోకుండా సరిపోవడం. బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు 1948లో తన క్లాసులో 39 మందికి ఒక పరీక్ష పెట్టి, ఎవరి వ్యక్తిత్వ వివరణ వాళ్ళకని ఒక్కో కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. తీరాచూస్తే అందరి కాగితాల్లోనూ ఉన్నది ఒకే రాత, జాతకాల పుస్తకంలో నుంచి ఎత్తి రాసినది. పైకి ధైర్యంగా ఉంటావు గానీ లోపల సందేహిస్తావు అంటే కాదనేవాళ్ళెవరు? చిన్నప్పుడు తిరనాళ్ళలో చిలక జోస్యం దగ్గర నువ్వు గంతులేసేదానివి. అక్కడ చిలక కార్డు లాగేది, జోస్యుడు చదివేవాడు, మనం నోరెళ్ళబెట్టి వినేవాళ్ళం. ఆ వీడియోలదీ అదే దారి. మాట వాళ్ళది, తల ఊపడం మనది. నీ నోటుపుస్తకంలో మాట నీది కావాలి.

డబ్బు దగ్గర మరీ జాగ్రత్త. ఇలాంటి చోట్ల మొదటి రీడింగ్ ఉచితమంటారు, తర్వాత నీ చుట్టూ చెడు శక్తి ఉంది, తీసేయడానికి ఇంత పంపమంటారు. ఎవరు ఆ మాటన్నా, ఎంత ఆప్యాయంగా అన్నా, ఆ క్షణమే వదిలేసి బయటికి వచ్చెయ్యి.

ఒకే ప్రశ్నకి నచ్చే కార్డు వచ్చేదాకా తీస్తూ పోకు. ఒక ప్రశ్నకి ఒక కార్డు, మళ్ళీ అదే ప్రశ్న నెల తిరిగాకే. ఒంట్లో బాగోకపోతే డాక్టరు, ఆస్తి తగాదా అయితే లాయరు, అక్కడ కార్డులకి చోటు లేదు. పొద్దున లేవగానే కార్డు తీయనిదే ఆఫీసుకి వెళ్ళలేకపోతున్నావంటే పెట్టె కట్టి నాకు పంపించెయ్యి, తిట్టను. నైన్ ఆఫ్ స్వోర్డ్స్‌లో మంచం మీద లేచి కూర్చుని చేతుల్లో మొహం దాచుకున్న మనిషి ఉంటుంది. ఆ బొమ్మ నీ రాత్రుల్లా ఉందనిపించి, అలాంటి రాత్రులు రెండు వారాలు దాటితే, నోటుపుస్తకంతో సరిపెట్టుకోకూడదు. మానసిక వైద్యుల్ని కలవాలి. ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇది నీకు చెప్పి ఉంచడం నా బాధ్యత, నీకేదో అయిందని కాదు.

ఒక్క కార్డుతో చెయ్యి తిరిగాక, ఒక నెల పోయాక, మూడు కార్డులకి రావచ్చు. గతం, వర్తమానం, భవిష్యత్తు అని పెడతారు అందరూ. ఆ మూడోది మళ్ళీ నిన్ను జోస్యంలోకే లాగుతుంది. నేను ఇలా పెట్టుకుంటాను: నాకు ఇప్పటికే తెలిసినది ఒకటి, నేను చూడకుండా తప్పుకుంటున్నది ఒకటి, నా చేతిలో ఉన్న పని ఒకటి. మధ్య కార్డు దగ్గర ఎక్కువసేపు కూర్చో. ఆ రాత్రి నీకు మధ్యలో వచ్చింది డెత్ కాబట్టి, కావాలంటే ఆ కార్డుతోనే ఈ ఆదివారం మొదలుపెట్టు. మళ్ళీ కలపక్కర్లేదు, తీసి ముందు పెట్టుకో. రాజు, మతగురువు, ఆడపిల్ల, పసిబిడ్డ, నలుగురిలో ఒకరిని ఎంచుకుని, ఆ మనిషి నోటితో ఒక పేజీ రాయి. ఇంట్లో నువ్వెప్పుడూ మతగురువులా అందరికీ సర్దిచెబుతూ నిలబడే పిల్లవి. ఈసారి మొహం తిప్పుకున్న ఆడపిల్ల ఏమంటుందో రాసి చూడమని నా కోరిక. బలవంతం లేదు.

రాసింది నాకు పంపొద్దు. ఎవరికీ చూపించొద్దు. ఎవరో చదువుతారని తెలిస్తే చెయ్యి దానంతటదే అబద్ధాలు రాస్తుంది. నాతో పంచుకోవాలనిపిస్తే, రాసింది పక్కన పెట్టి నోటితో చెప్పు, వింటాను.

ఇక “తెలియదు” అన్న మాటల సంగతి. నీ మెసేజ్‌లోనే అవి మూడు కనిపించాయి. ఇప్పుడు వదులుకుంటే మళ్ళీ ప్రమోషన్ ఇంటర్వ్యూకి ఎప్పుడు పిలుస్తారో తెలియదన్నావు. గౌహతి వెళ్ళాక ఎన్నేళ్ళకి రిక్వెస్ట్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవచ్చో తెలియదన్నావు. అక్కడ బ్యాంకు క్వార్టర్స్ ఇస్తారో, అద్దెకి తీసుకోవాలో తెలియదన్నావు. ఇవి మనసులో వెతకాల్సినవి కావు, బొమ్మలో అంతకన్నా కావు. మీ పెదనాన్న సర్వీసంతా బ్యాంకులోనే గడిపారు, ఆయనకి ఇలాంటి బదిలీలు కొట్టిన పిండి. నీ మెసేజ్ సంగతి చెప్పాను, కార్డుల గురించి మాత్రం చెప్పలేదు, అది నీ ఇష్టం. మీ బ్యాంకు ప్రమోషన్ పాలసీ సర్క్యులర్, నీకొచ్చిన పోస్టింగ్ ఆర్డరు రెండూ దగ్గర పెట్టుకుని శనివారం సాయంత్రం ఆరు దాటాక ఫోన్ చెయ్యమన్నారు. యూనియన్‌లో ఆయనకి తెలిసినవాళ్ళలో గౌహతిలో పనిచేసి వచ్చినవాళ్ళున్నారట, వాళ్ళ నంబర్లు కూడా తీసి ఉంచుతానన్నారు. జవాబు ఇవ్వడానికి గడువు ఏ తారీఖో ముందు అది చూసి నాకు మెసేజ్ పెట్టు.

మీ అమ్మకి నేను వేరే ఫోన్ చేస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ